కడప బండల గదిలో వాయిస్ ఓవర్ మైకులు: కొన్నేళ్ల వాడకం తర్వాత

కడపలో ఇంటి గదిలోనే వాయిస్ ఓవర్ పని చేసుకుంటున్న నా దగ్గర మూడు మైకులు కొన్నేళ్లుగా నిత్య వాడకంలో ఉన్నాయి: ఆడియో-టెక్నికా ఏటీ2020, రోడ్ ఎన్‌టీ1-ఏ, షూర్ ఎస్ఎం7బి. హైదరాబాదు స్టూడియోల నుంచి పిలుపు వచ్చినప్పుడు న్యూమన్ టీఎల్ఎం 103, సెన్‌హైజర్ ఎంకేహెచ్ 416 ముందు కూడా చదివాను. నగల దుకాణాల ప్రకటనలు, విత్తనాల ప్రచారం, పిల్లల పాఠాల వీడియోలు, అప్పుడప్పుడు ఒక ఆడియో పుస్తకం, ఎన్నికల కాలంలో ఆటో ప్రచారం, ఇదీ నా పని. మైకుల గురించి ఇంటర్నెట్‌లో దొరికే సమీక్షలు ఎక్కువగా గోడలకు పద్ధతిగా మెత్తలు అమర్చిన గదుల్లో చేసినవి కాబట్టి, వాటిలోని వరుసక్రమం మన ఇళ్లలో నిలబడదని నా అనుభవం. అందుకే గది సంగతి ముందు చెప్పి మైకుల దగ్గరికి వస్తాను.

మా ఇంట్లో నేలంతా కడప బండలే. గోడలోని అరలు కూడా బండలతోనే వేసినవి. పైన కాంక్రీటు స్లాబు, చుట్టూ సిమెంటు పూత వేసిన గోడలు. ఇలాంటి గదిలో చప్పట్లు కొడితే ఆ చప్పుడు ఎదురెదురు గోడల మధ్య టకటకమని తిరుగుతూ ఒక్క క్షణం నిలుస్తుంది. మైకు ఆ చప్పుడును మన చెవికన్నా నిర్దాక్షిణ్యంగా పట్టుకుంటుంది. మనిషి మెదడు గది ప్రతిధ్వనిని చాలావరకు విడిగా తీసి పక్కన పెడుతుంది గానీ రికార్డింగు విన్నప్పుడు ఆ సౌకర్యం ఉండదు. చదివే చోటుకు వెనుక, ఇరుపక్కల పాత పత్తి పరుపులు నిలబెట్టి, నేల మీద బొంతలు పరిచిన తర్వాతే నా రికార్డింగులు వినదగినవిగా మారాయి. మైకు వెనుక ఉన్న గోడకన్నా మనిషి వీపు వెనుక ఉన్న గోడే ముఖ్యం, ఎందుకంటే కార్డియాయిడ్ రకం మైకు ముఖ్యంగా ముందువైపు నుంచి వచ్చేదాన్నే వింటుంది, దాని ముందు మనమూ, మన వెనుక ఆ గోడా ఉంటాయి. చాలామంది మైకు వెనుక అర్ధచంద్రాకారపు నురగ తెర ఒకటి కొని పెట్టి పని అయిపోయిందనుకుంటారు. దాని ప్రయోజనం చాలా కొద్ది.

ఇక అందరూ అనే మాట: 'మెత్తలు లేని గదిలో డైనమిక్ మైకు వాడాలి, కండెన్సర్ అయితే వీధిలోని ప్రతి శబ్దాన్నీ లాగేస్తుంది.' డైనమిక్ అంటే తీగచుట్ట కదలికతో పనిచేసే మైకు, కండెన్సర్ అంటే కరెంటు అందితేనే పనిచేసే మరింత సున్నితమైన మైకు; నా మూడింటిలో ఎస్ఎం7బి డైనమిక్, మిగతా రెండూ కండెన్సర్లు. ఈ మాటలో సగమే నిజం. ఎస్ఎం7బి సున్నితత్వం, అంటే ఒకే శబ్దానికి మైకు ఇచ్చే విద్యుత్ సంకేతం, పాస్కల్ ధ్వని ఒత్తిడికి సుమారు 1.1 మిల్లీవోల్టులు, ఎన్‌టీ1-ఏది 25 మిల్లీవోల్టులు. అంటే రెండింటి మధ్య దాదాపు 27 డెసిబెళ్ల తేడా. కానీ సున్నితత్వం తగ్గితే నా గొంతూ తగ్గుతుంది, బయటి కుక్క అరుపూ అంతే తగ్గుతుంది, గెయిన్ (మైకు సంకేతాన్ని పెద్దది చేసే మోతాదు) పెంచగానే రెండూ కలిసే పైకి వస్తాయి. రెండు మైకులనూ ఒకే దూరంలో పక్కపక్కన పెట్టి, గొంతు మట్టాన్ని సమానం చేసి విన్నప్పుడు వీధి చప్పుడులో నాకు వినిపించిన తేడా చెప్పుకోదగ్గంత లేదు. రెండూ కార్డియాయిడ్లే మరి. ఎస్ఎం7బి పై స్థాయి (సన్నటి, పదునైన) ధ్వనులను కొంత మెత్తగా వినిపిస్తుంది కాబట్టి గది గరగర కాస్త తక్కువగా తోస్తుంది, అంతే.

తేడా తెచ్చేది దూరం. నోటికీ మైకుకూ మధ్య దూరం సగమైన ప్రతిసారీ నేరుగా చేరే గొంతు 6 డెసిబెళ్లు పెరుగుతుంది. గది తిప్పి పంపే శబ్దం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. జానెడు దూరం నుంచి బెత్తెడు దూరానికి జరిగితే గొంతుకు తొమ్మిది డెసిబెళ్లకు పైగా పైచేయి దొరుకుతుంది, ఇది ఏ ఖరీదైన మైకూ ఇవ్వలేని లాభం. ఎస్ఎం7బి మందపాటి నురగ తొడుగుతో దాదాపు పెదవులు తాకేటంత దగ్గరగా చదవడానికే తయారైన మైకు కాబట్టి జనం దాన్ని అలాగే వాడతారు. ఆ దగ్గరితనం వల్ల వచ్చిన మేలును డైనమిక్ అన్న పేరుకు కట్టబెడతారు.

దగ్గరితనానికి మూల్యమూ ఉంది. కార్డియాయిడ్ మైకుకు దగ్గరయ్యే కొద్దీ గొంతులో కింది స్థాయి (బరువైన ధ్వని) ఉబ్బుతుంది; నగల దుకాణం ప్రకటనకు ఆ గాంభీర్యం అక్కరకొస్తుంది గానీ, గంటసేపు సాగే పాఠంలో అదే మోతగా మారి అక్షరాలను కప్పేస్తుంది. ఎస్ఎం7బి వెనుక ఉన్న బాస్ తగ్గించే మీటను పాఠాలకు నేను ఎప్పుడూ వేసే ఉంచుతాను. ఇంకొక చిక్కు ఏమిటంటే, రెండంగుళాల దూరంలో చదువుతున్నప్పుడు తల ఇంకో రెండంగుళాలు వెనక్కి వెళితే మట్టం 6 డెసిబెళ్లు పడిపోతుంది, గొంతు రంగు కూడా మారుతుంది. జానెడు దూరంలో అదే కదలిక అంతగా తెలియదు. మర్నాడు రెండు వాక్యాలు మార్చి చదవమని కబురు వచ్చినప్పుడు నిన్నటి గొంతుతో ఇవాళ్టి గొంతు అతకకపోవడానికి మొదటి కారణం ఇదే. వేళ్లతో కొలిచి కూర్చోవడం, స్టాండు ఎత్తును టేపుతో గుర్తు పెట్టుకోవడం తప్ప దీనికి మందు లేదు.

ఎస్ఎం7బి కొనేవారు గెయిన్ లెక్క ముందే చూసుకోవాలి. దీనికి కనీసం 60 డెసిబెళ్ల గెయిన్ కావాలని తయారీదారులే చెబుతారు. నా దగ్గర ఉన్న మూడో తరం ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 (మైకును కంప్యూటర్‌కు కలిపే ఇంటర్‌ఫేస్ పెట్టె) ఇచ్చేది గరిష్ఠంగా 56. గట్టిగా చదివే ప్రకటనలకు అది సరిపోతుంది గానీ, మెల్లగా చదివే కథకు మీటను చివరిదాకా తిప్పినా చాలదు. మధ్యలో క్లౌడ్‌లిఫ్టర్ వంటి చిన్న పెట్టె పెడితే మరో 25 డెసిబెళ్లు వస్తాయి, కానీ దాని ఖర్చు మైకు ఖర్చులో కలిపి చూసుకోవాలి. 2023లో వచ్చిన ఎస్ఎం7డీబీలో 18, 28 డెసిబెళ్లు పెంచే ప్రీ-యాంప్ లోపలే ఉంది. నాలుగో తరం స్కార్లెట్ 2ఐ2 గెయిన్ 69 డెసిబెళ్ల దాకా వెళుతుంది కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవారికి ఈ బాధ తక్కువ. ఎస్ఎం7బి బరువు ముప్పావు కిలో పైమాటే. తేలికపాటి బల్ల స్టాండు దానికి తల వంచేస్తుంది.

ఎన్‌టీ1-ఏ మరో జాతి. దీని సొంత రొద, అంటే నిశ్శబ్దంలోనూ మైకు తానే చేసే సన్నటి హోరు, 5 డెసిబెళ్లు మాత్రమే, ఏటీ2020ది 20. పగటిపూట గది మోత కింద ఈ తేడా మునిగిపోతుంది గానీ, తెల్లవారుజామున వీధి సద్దుమణిగాక స్పష్టంగా తెలుస్తుంది. తెలుగు చదివేవారికి ఇది ఎందుకు ముఖ్యమో చెప్పాలి. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. 'చేశారు', 'ఉంటుంది' వంటి క్రియల చివరి అచ్చు సరిగ్గా గొంతు దిగిపోయే చోటే వస్తుంది. రొద ఉన్న రికార్డింగుకు నాయిస్ గేటు (మట్టం తగ్గగానే శబ్దాన్ని కోసేసే సాధనం) బిగిస్తే ముందు తెగిపోయేది ఆ చివరి అచ్చే. 1963లో మొదలైన ఆకాశవాణి కడప కేంద్రాన్ని వింటూ ఎదిగిన ఊరు మాది. ఇక్కడి శ్రోత గొంతులో జీరను మన్నిస్తాడు గానీ మాట మింగితే ఊరుకోడు. గేటు అవసరమే రానివ్వని మైకు కావడం ఎన్‌టీ1-ఏలో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం.

నచ్చని గుణం దాని పై స్థాయి మెరుపు. 'శ్రీశైలం', 'శుభాకాంక్షలు', 'స్వచ్ఛమైన' వంటి మాటల్లో శ, స, ఛ అక్షరాలు సూదుల్లా గుచ్చుకుంటాయి. నా గొంతు బరువైనది కాబట్టి కొంత ఓర్చుకోవచ్చు. అప్పుడప్పుడు నాతో చదివే మా చెల్లెలిది సన్నటి గొంతు, ఆమెకు ఈ మైకు నప్పలేదు. మైకును నోటికి సూటిగా కాకుండా పదిహేను ఇరవై డిగ్రీలు పక్కకు తిప్పితే ఆ గుచ్చుడు చాలావరకు తగ్గుతుంది, ప, బ, భ, ఫల గాలి దెబ్బ కూడా పక్కనుంచి పోతుంది. మిగిలినదాన్ని డీ-ఎసర్‌తో (శ, సల పదును తగ్గించే సాధనంతో) సరిచేయవచ్చు, కానీ ఎక్కువ బిగిస్తే శకారం సకారమైపోతుంది.

ఏటీ2020 గురించి చెప్పడానికి పెద్దగా లేదు. చవక, గట్టిది, గొంతును ఉన్నదున్నట్టు వినిపిస్తుంది. ఆటో మీద కట్టే హార్న్ స్పీకరు కింది స్థాయినీ పై స్థాయినీ ఎలాగూ కోసేస్తుంది కనుక ప్రచారపు రికార్డింగులన్నీ ఇప్పటికీ దీనితోనే చేస్తాను, అక్కడ ఖరీదైన మైకు వాడటం వృథా.

పెద్ద మైకుల్లో టీఎల్ఎం 103 ముందు చదివిన ప్రతిసారీ గొంతు కాస్త పెద్దదిగా, పూర్తిగా వినిపించింది. సొంత రొద 7 డెసిబెళ్లు, అంటే ఆ లెక్కలో ఎన్‌టీ1-ఏ కన్నా మెరుగేమీ కాదు. పై స్థాయిలోని నునుపుకే ఆ ధర. ఎంకేహెచ్ 416 సంగతి వేరు. అమెరికాలో సినిమా, టీవీ ప్రోమోలు చెప్పేవారు ఇష్టపడే ఈ గొట్టం మైకు, వెనుక సంగీతం ఎంత హోరెత్తినా మాటను ముందుకు తోస్తుంది. దాన్ని ఒకసారి అద్దెకు తెచ్చి మా గదిలో పెట్టి చూశాను. 25 సెంటీమీటర్ల గొట్టం పక్క శబ్దాలను అడ్డుకునేది పై స్థాయిలోనే. కింది స్థాయిలో అది మామూలు సూపర్ కార్డియాయిడ్, అంటే కార్డియాయిడ్‌కన్నా కాస్త ఇరుకుగా వినే రకం. చిన్న గదిలో గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం ఆ గొట్టం పక్క చీలికల్లోంచి దూరి గొంతును డొల్లగా చేసింది. పరుపులు ఇంకా పెంచాక కొంత మెరుగైంది గానీ, ఆ ధరకు అది న్యాయం కాదు. తేమను తట్టుకునే నిర్మాణం అని దాన్ని మెచ్చుకుంటారు. మన పొడి సీమలో తేమకన్నా దుమ్ము పెద్ద శత్రువు, దానికి ఏ మైకుకైనా పని కాగానే సంచీ తొడగడమే రక్ష.

ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండల్లో ఫ్యానూ కూలరూ ఆపి చదవాలి కాబట్టి నా పనంతా సూర్యోదయానికి ముందే సాగుతుంది. కరెంటు పోయి ఇన్వర్టరు మీద నడిచినప్పుడు రికార్డింగులో బుయ్యిమనే రొద దూరుతుంటే, ల్యాప్‌టాప్ చార్జరు తీసేసి బ్యాటరీ మీద నడపండి. నాకు ఎక్కువసార్లు అక్కడితోనే పోయింది. ఎర్తింగు సరిగా లేని ఇంట్లో మైకు మార్చి లాభం లేదు.

మా ఊళ్లో ఈ పని మొదలుపెడుతూ సలహా అడిగేవారికి నేను చెప్పేది ఇది: గదికి పరుపులు, ఒక ఏటీ2020, గట్టి స్టాండు, పాప్ ఫిల్టరుతో (గాలి దెబ్బను ఆపే తెరతో) ఒక ఏడాది చదవండి. పుస్తకాలు, పాఠాలు ఎక్కువగా వస్తుంటే, గది నిశ్శబ్దంగా ఉంటే ఎన్‌టీ1-ఏ కొనండి, మీ శకారం గుచ్చుకోదని విని చూసుకున్నాకే. పగలు కూడా చదవక తప్పనివారు, రోడ్డు పక్కన ఇల్లున్నవారు, గెయిన్ ఖర్చు కూడా కలుపుకుని, దగ్గరగా చదవడానికే తయారైన ఎస్ఎం7బికి వెళ్లండి. లక్ష రూపాయల అటూ ఇటూ పలికే మైకు కోసం దాచిన డబ్బు ఉంటే ముందు గది తలుపుకూ కిటికీకీ ఖర్చు పెట్టించండి.