శ్రీకాకుళంలో మా ఏసీ: సెంట్రల్ మాట మానుకుని రెండు స్ప్లిట్‌లు పెట్టించాం

మాది అరసవల్లి రోడ్డు వైపు ఇల్లు. ఉండేది మొదటి అంతస్తులో, పైన నేరుగా స్లాబే. కిందటి వేసవి మొదట్లో రెండు స్ప్లిట్ ఏసీలు పెట్టించాం. అత్తమ్మ గదిలో ఒక టన్నుది, ఐదు స్టార్లు. మా పడకగదిలో ఒకటిన్నర టన్నుది, మూడు స్టార్లు. రెండూ ఇన్వర్టర్ రకమే, అంటే అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మారేవి. ఒక వేసవి, ఒక వానాకాలం చూశాక నేనిచ్చే మార్కులు ఇవి: మిషన్లకి పదికి ఎనిమిది, బిగించిన మెకానిక్‌కి పదికి పది, అమ్మిన షోరూముకి నాలుగు. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. పేరు రాస్తే అదొక్కటే చూసి మిగతాది వదిలేస్తారు. మాకు డబ్బు మిగిలింది గది కొలత, ఎండ లెక్క సరిగ్గా చూసుకోవడం వల్ల.

నిజానికి మా ఇంట్లో మొదట నడిచింది సెంట్రల్ ఏసీ మాట, అంటే ఇల్లంతటికీ ఒకే మిషన్. మా అబ్బాయి అమెరికాలో, ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో ఉంటాడు. మనవరాలు పుట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆ చలికాలంలోనే వాళ్ల ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నెస్ పాడైంది. బయట సున్నాకి పది డిగ్రీలు కింద, ఇంట్లో పసిపిల్ల. ఆ రెండు రోజుల టెన్షన్ మాటల్లో చెప్పలేను. మన ఊళ్లో కరెంటు పోతే విసనకర్ర పట్టుకుని వీధి అరుగు మీద కూర్చుంటాం. అక్కడ వేడి పోతే ఇంట్లో ఉండటమే కుదరదు.

పిల్లలు అక్కడున్న తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు కాబట్టి, ఆ ఫర్నెస్ ఎలా పనిచేస్తుందో చెప్తాను. బేస్‌మెంట్‌లో బీరువా అంత పెట్టె ఉంటుంది. అందులో గ్యాస్ మంట ఇనుప గొట్టాలను కాలుస్తుంది. ఆ గొట్టాల మీదుగా పెద్ద బ్లోయర్ గాలి తోస్తే, వేడెక్కిన గాలి రేకు డక్టుల్లోంచి, అంటే గాలి పోయే గొట్టాల్లోంచి, అన్ని గదులకీ పోతుంది. పొగ ఆ గాలిలో కలవకుండా వేరే దారిలో బయటికి పోతుంది. మంట కాల్చే ఆ ఇనుప గొట్టం చిట్లితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి వచ్చే ప్రమాదం ఉంది. అందుకే చిట్లిన ఫర్నెస్‌కి అతుకులు వేయరు, మార్చేస్తారు. వేసవిలో చల్లగాలి కూడా అదే బ్లోయర్, అవే డక్టుల మీదుగా వస్తుంది. గాలిని చల్లబరిచే ఏసీ కాయిల్ ఫర్నెస్ నెత్తినే కూర్చుని ఉంటుంది. వాళ్ల ఏసీ కూడా పాతబడిపోయింది కాబట్టి, రెండూ ఒకేసారి మార్చితే కూలి ఒకసారే పడుతుందని, లోపలి కాయిల్, బయటి మిషన్ జత కుదురుతాయని మావాడు నిర్ణయించుకున్నాడు.

ముగ్గురు కాంట్రాక్టర్లు వచ్చారు. ఇద్దరు పాత మిషన్ మీద లేబుల్ చూసి, అదే సైజుకి ధర రాసిచ్చి వెళ్లిపోయారు. మూడో ఆయన టేపు తీసి కిటికీలు కొలిచాడు, అటక మీదకెక్కి ఇన్సులేషన్ చూశాడు, ఏ గోడ ఏ దిక్కున ఉందో రాసుకున్నాడు. దాన్ని మాన్యువల్ జె లెక్క అంటారట. లెక్క తేల్చి నాలుగు టన్నుల ఏసీ అక్కర్లేదు, మూడు చాలన్నాడు. ఫర్నెస్ కూడా పాతది లక్ష బీటీయూలదైతే (వేడికి వాళ్ల కొలత అది) 60 వేలది సరిపోతుందన్నాడు. ముగ్గురిలో తక్కువ ధర ఆయనదే అయింది, చిన్న మిషన్లు కాబట్టి. పెట్టింది గుడ్‌మ్యాన్ కంపెనీది. అక్కడ తక్కువ ధరకి పేరున్న కంపెనీ అది, 2012లో డైకిన్ వాళ్లు కొన్నారు.

ఆయన చెప్పిన ఇంకో మాట నాకు బాగా నచ్చింది. ఫర్నెస్‌కి ఏఎఫ్‌యూఈ అని ఒక అంకె ఉంటుంది. 80 అంటే వంద రూపాయల గ్యాస్ కాలిస్తే 80 రూపాయల వేడి ఇంటికి, మిగతాది పొగ గొట్టానికి. 96 అంటే నాలుగు రూపాయలే బయటికి. ఏసీకి సీర్2 అనే అంకె ఉంది, అది ఎంత ఎక్కువైతే కరెంటు అంత ఆదా. 2023 నుంచి వాళ్ల ఉత్తరాది రాష్ట్రాల్లో కనీసం 13.4 ఉండాలి. "మీకు చలి ఎక్కువ కాలం, వేసవి తక్కువ. డబ్బు ఫర్నెస్ మీద పెట్టండి, ఏసీ మామూలుది చాలు" అన్నాడు. అదే ఎండలెక్కువ ఉండే టెక్సాస్‌లో అయితే లెక్క తిరగబడుతుంది. ఏ కాలం ఎక్కువో ఆ మిషన్ మీదే ఖర్చు పెట్టమని చెప్పాడన్నమాట. ఇన్వాయిస్ చేతికిచ్చి, వారంటీ ఆన్‌లైన్‌లో 60 రోజుల్లోగా నమోదు చేసుకోమని గుర్తుచేసి మరీ వెళ్లాడు.

నేను తిరిగొచ్చాక మావాడు ఫోన్లో "అమ్మా, మనింటికీ సెంట్రల్ పెట్టించేద్దాం, డబ్బు నేను పంపుతాను" అన్నాడు. వాడి ప్రేమ కాదనలేక విశాఖ నుంచి డక్టబుల్ ఏసీ వాళ్లని పిలిపించాం. ఐదు లక్షలు దాటింది అంచనా. ఆపైన త్రీఫేజ్ కనెక్షన్ తీసుకోవాలి. డక్టులు దాచడానికి ఇల్లంతా ఫాల్స్ సీలింగ్ వేయాలి, గది ఎత్తు ఒక అడుగు పైనే తగ్గుతుంది. డబ్బు సంగతి పక్కన పెట్టినా నాకు కుదరలేదు. వాళ్లది చెక్క ఇల్లు, గోడల నిండా ఇన్సులేషన్, కిటికీలు మూసే ఉంటాయి. మనవి ఇటుక గోడలు, వెంటిలేటర్లు, రోజంతా తెరిచి మూసే వీధి తలుపు. పగలు అత్తమ్మ గది, రాత్రి రెండు గదులు చల్లబడితే చాలిన ఇంటికి వంటగదిని, దేవుడి గదిని కూడా చల్లబరచడం ఎందుకు? పైగా ఒక్క మిషన్ మొరాయిస్తే ఇల్లంతా ఉక్కే. మన గాలిలో తేమ సంగతి తెలిసిందే, డక్టుల్లో బూజు పడితే లోపలికి చెయ్యి పెట్టి తుడిచేదెవరు?

అలా స్ప్లిట్‌ల దగ్గరికి వచ్చాం. జీటీ రోడ్డులో ఓ పెద్ద షోరూముకి వెళ్తే, అక్కడి సేల్స్‌మన్ గది కొలత అడగకుండానే "మేడ మీద కదండీ, రెండు టన్నులు తీసుకోండి" అన్నాడు. కొలంబస్‌లో చూసొచ్చిన దాన్ని కదా, నేను ఒప్పుకోలేదు. బలగ నుంచి మాకు తెలిసిన మెకానిక్‌ని పిలిచాను. అతను మధ్యాహ్నం మూడింటికి వచ్చి, మేడెక్కి స్లాబు మీద చెయ్యి పెట్టాడు. "అమ్మా, ఇది పెనంనాగ కాలిపోతంది. ఏసీ తర్వాత కొందురుగాని, ముందు తెల్ల పెయింటు ఏయించండి" అన్నాడు.

ఏసీ అమ్ముకుంటే తనకీ నాలుగు డబ్బులు వచ్చే మనిషి ఈ మాట చెప్పాడు. నేను పదికి పది ఇచ్చింది ఇందుకే. కూల్ రూఫ్ పెయింటు రెండు కోట్లు వేయించాం. మా గది పడమటి కిటికీకి బయట వెదురు తడక కట్టించాం. అంతకుముందు రాత్రి తొమ్మిదైనా లోపలి సీలింగుకి చెయ్యి ఆనిస్తే వేడి తెలిసేది, ఫ్యాన్ వేస్తే ఆ వేడే కిందకి దిగేది. పెయింటు వేశాక ఆ బాధ చాలా తగ్గింది. ఆ తర్వాతే టేపు పెట్టి కొలిచాడు. అత్తమ్మ గది పది పన్నెండు, తూర్పు వైపు. దానికి ఒక టన్ను. మాది పన్నెండు పద్నాలుగు, పడమర గోడ. ఒకటిన్నర. రెండు టన్నుల మిషన్‌కి పెట్టాల్సిన అదనపు డబ్బులో పెయింటు, తడక రెండూ అయిపోయాయి.

పెద్ద మిషన్ అయితే ఇంకా చల్లగా ఉంటుంది కదా అని మా ఆయన కూడా వాదించారు. మన జిల్లాలో వేడి కంటే ఉక్కపోత బాధ ఎక్కువ. మిషన్ సైజు మించిపోతే గది చప్పున చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంది, గాలిలో తేమ మాత్రం అలాగే ఉంటుంది. చల్లగా ఉన్నా ఒళ్లు జిగటగా ఉండటం అందుకే. సరిపడా మిషన్ నెమ్మదిగా ఎక్కువసేపు తిరిగితే తేమ నీళ్లై డ్రెయిన్ పైపులోంచి బయటికి పోతుంది. వేసవిలో అత్తమ్మ గది పైపు కింద పెట్టిన బకెట్ పూటపూటకీ నిండేది. ఆ నీళ్లతో వరండా కడిగేదాన్ని.

స్టార్ల సంగతిలో నేను లెక్క రాసుకున్నాను. లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో ఉంటుంది, అది 1600 గంటల వాడకానికి. మేం చూసిన ఒకటిన్నర టన్ను మిషన్లలో మూడు స్టార్‌కీ ఐదు స్టార్‌కీ తేడా సుమారు 200 యూనిట్లు. ఏసీ వేస్తే మా బిల్లు నెలకి 226 నుంచి 400 యూనిట్ల రేటు శ్లాబులోకి పోతుంది, అక్కడ యూనిట్ 8.75 రూపాయలు. అంటే ఏడాదికి 1,750 రూపాయలు. ధరలో తేడా ఏడున్నర వేలు. తిరిగి రావడానికి నాలుగేళ్ల పైమాటే, అదీ 1600 గంటలు వాడితే. మా గదిలో ఏసీ వేసవి రాత్రులు తప్ప వేయం, దానికి మూడు స్టార్ చాలు. అత్తమ్మకి ఆయాసం, మంచం దిగరు, ఆవిడ గదిలో పగలూ రాత్రీ నడవాలి, దానికి ఐదు స్టార్. ఇంట్లో రెండూ ఒకే రకం ఉండాలని ఎక్కడా లేదు. లేబుల్ ఏ కాలానికి చెల్లుతుందో కూడా దాని మీదే ఉంటుంది, చూసి కొనండి. ఈ స్టార్లు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ వాళ్లు ఈ కొలమానాన్ని మధ్య మధ్యలో పెంచుతుంటారు, పాత స్టాకులో ఐదు స్టార్లున్నది కొత్త లెక్కలో దిగిపోవచ్చు.

షోరూములో "హాట్ అండ్ కోల్డ్" రకం కూడా చూపించారు. అది అదే మిషన్‌ని తిరగేసి నడిపి, బయటి గాలిలో వేడిని లోపలికి తెస్తుంది. గ్యాస్ మంట ఉండదు. మంచి ఏర్పాటే, ఢిల్లీ వైపు వాళ్లకి పనికొస్తుంది. మనకి పుష్యమాసంలో నాలుగు రాత్రులు చలి, రథసప్తమి దాటితే ఎండ ముదిరిపోతుంది. అత్తమ్మకి ఒక రగ్గు, పాదాల దగ్గర వేడినీళ్ల సంచి సరిపోతాయి. శ్రీకాకుళం, విజయనగరం పట్నాల్లో దాని కోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దు.

షోరూముకి నాలుగే మార్కులు ఎందుకంటే, బిగింపు విషయం. "ఫ్రీ ఇన్‌స్టాలేషన్" అన్నారు. వచ్చిన కుర్రాడి దగ్గర వ్యాక్యూమ్ పంపు లేదు. పైపులో గాలిని మిషన్‌లో ఉన్న గ్యాస్‌తోనే బయటికి తోసేస్తానన్నాడు. అలా చేస్తే కొంత గ్యాస్ పోతుంది, లోపల తేమ మిగిలితే కంప్రెసర్ నూనె పాడవుతుంది. పైగా ఇప్పటి మిషన్లలో ఉండే ఆర్-32 గ్యాస్‌కి కొద్దిగా మండే గుణం ఉంది. మా మెకానిక్ తన పంపు తెచ్చి, అరగంట సేపు గాలి లాగి, జాయింట్లకి సబ్బు నురగ పూసి చూశాకే వాల్వ్ తెరిచాడు. కుర్రాడు డ్రెయిన్ పైపుని పైకి వాలుగా పెట్టి వెళ్తే మూడో రోజు గోడ మీద నీళ్లు కారాయి. అదీ మా మెకానికే సరిచేశాడు. రాగి పైపు మూడు మీటర్లే ఉచితమని, ఆపైన మీటరుకి 900 అని బిల్లు వేసేటప్పుడు చెప్పారు. కొనకముందే అడగండి.

అవుట్‌డోర్ యూనిట్లని గోడకి వేలాడదీయలేదు. స్లాబు మీద సిమెంటు దిమ్మలు పోసి బోల్టులు బిగించాం. 2014లో హుద్‌హుద్ తుపాను, 2018 అక్టోబర్‌లో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను చూసిన జిల్లా ఇది. గోడ స్టాండు మీద అంత బరువు వేలాడుతుంటే నాకు నిద్ర పట్టదు. కళింగపట్నంలో మా ఆడపడుచు ఇంట్లో ఉప్పుగాలికి అవుట్‌డోర్ రేకు తినేసింది. సముద్రం పక్కన ఉన్నవాళ్లు రాగి కాయిల్, దాని మీద కోటింగ్ ఉన్నదే తీసుకోండి. వైరింగ్ పాతదైతే ఏసీకి విడిగా లైను లాగించి, ఎర్తింగ్ చూపించుకోండి. కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌లో లోడు పెంచమని దరఖాస్తు పెట్టడం కూడా మరిచిపోవద్దు.

ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవుతాయి, 2020 నుంచి అది నిబంధన. మేం 26లో పెట్టి ఫ్యాన్ ఒకటి మీద వేస్తాం. మే నెలలో అత్తమ్మ ఒక పొద్దున "రాత్రి సెమట పట్నేదే అమ్మా" అన్నారు. ఆవిడ నోటి నుంచి అది పెద్ద సర్టిఫికెట్. మిషన్లకి రెండు మార్కులు తగ్గించినవి ఇవి: రిమోట్‌లో అక్షరాలు చీకట్లో కనబడవు, మా గది ఇండోర్ యూనిట్ నడిరాత్రి కిటకిటమని ప్లాస్టిక్ శబ్దం చేస్తుంది. ఫిల్టర్లు పదిహేను రోజులకోసారి కుళాయి కింద కడిగేస్తున్నాను, రోడ్డు దుమ్ము చాలా పడుతోంది.

మేం కొన్నాక 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. ఇప్పుడు కొనేవాళ్లకి ఆ మేరకు కలిసొస్తుంది. అది చూసి హాల్లో కూడా ఒకటి పెట్టిద్దామని మా ఆయన అంటున్నారు. హాలుకి పడమర వైపు రెండు పెద్ద కిటికీలున్నాయి, వాటికి ముందు సన్‌షేడ్ పొడిగించమన్నాను. మేస్త్రి సంక్రాంతి తర్వాత వస్తానన్నాడు. ఆ పనయ్యాక మెకానిక్‌ని పిలిచి కొలత తీయిస్తాం.