ఆర్చెస్ కాటన్ కాగితం: బెజవాడ ఎండలో నీటిరంగులు వేసేవారి కోసం

నీటిరంగుల మీద మనసు పడిన ఔత్సాహికులలో నేనూ ఒకణ్ణి. బతుకుతెరువు వేరే ఉద్యోగం; సెలవు దొరికితే తెల్లవారుజామునే కృష్ణ ఒడ్డుకు చేరి బొమ్మలు వేసుకోవడం నా ఇష్టం. ఆర్చెస్ వారి 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) కోల్డ్ ప్రెస్, అంటే కొద్దిగా గరుకైన, కాగితాన్ని నా చేత కొనిపించింది ముగ్గురు చిత్రకారుల మీద నాకున్న అభిమానం. మెల్‌బోర్న్‌లో స్థిరపడిన జోసెఫ్ జ్బుక్విచ్, ఉరుగ్వేకు చెందిన అల్వారో కస్తాన్యెట్, పుణేకు చెందిన మిలింద్ ముళీక్ మన కాలపు చిత్రకారులు, తమ పద్ధతిని దాచుకోకుండా పదిమందికీ చూపించినవారు. వారు బొమ్మ వేస్తుండగా చూసేవారి కన్ను ముందు కుంచె మీద, ఆ తరువాత రంగుల మీద పడుతుంది. కాగితం సంగతి అందరికంటే చివర గుర్తుకొస్తుంది. మనం డబ్బు పెట్టవలసిన వరుస మాత్రం దీనికి సరిగ్గా తలకిందులుగా ఉండాలని ఈ కాగితం వాడాక నాకు గట్టి నమ్మకం కుదిరింది.

ఆర్చెస్ కాగితం ఫ్రాన్స్‌లోని వోజ్ ప్రాంతంలో తయారవుతుంది. ఆ మిల్లు చరిత్ర 1492 నుంచి మొదలవుతుంది. ఇందులో కలప గుజ్జు కలవదు, నూటికి నూరు పాళ్లూ పత్తి నారే. కాగితానికి లోపలి దాకా జెలటిన్ అనే జిగురు పదార్థం పట్టిస్తారు కనుక నీరు పడగానే ఇంకిపోకుండా కాసేపు పైన నిలిచి, తరువాత అన్నిచోట్లా ఒకే తీరుగా లోపలికి దిగుతుంది. నిండు షీటు 56 సెంటీమీటర్ల వెడల్పు, 76 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. గవర్నర్‌పేటలో నేను కొన్న దుకాణం యజమాని షీటును ట్యూబ్‌లైటుకు ఎదురుగా ఎత్తి పట్టుకుని, "అంచు దగ్గర పేరు కనిపిస్తోందా సార్? ఎక్కడ కొన్నా ముందు ఇది చూసుకోండి" అని వాటర్‌మార్కు చూపించారు. అంచులు కత్తిరించినట్లు నున్నగా ఉండవు, నార పోగులు బయటికి వచ్చి గరుకుగా ఉంటాయి. షీటు మూల పట్టుకుని మెల్లగా ఊపితే గలగలమని శబ్దం వస్తుంది.

ఇక ఈ కాగితం విలువ తెలియాలంటే జ్బుక్విచ్ చెప్పే గడియారం సంగతి తెలియాలి. 1952లో జాగ్రెబ్‌లో పుట్టి, 1970లో ఆస్ట్రేలియా చేరిన ఆయన నీటిరంగుల విద్యనంతా రెండు కొలతలున్న ఒక గడియారంలో ఇమిడ్చి చెప్పారు. మొదటిది రంగు చిక్కదనం: టీ, కాఫీ, పాలు, మీగడ, వెన్న. రెండవది కాగితం స్థితి: పొడిగా ఉన్నదా, చెమ్మగా ఉన్నదా, తడిగా ఉన్నదా, నీళ్లోడుతున్నదా అన్నది. ఏ తడి మీద ఏ చిక్కదనం పెట్టాలో తెలియడమే అసలు విద్య. నీళ్లోడే కాగితం మీద టీ లాంటి రంగు వేస్తే అది ఆకాశమై నలువైపులా పరుచుకుంటుంది. అదే కాగితం చెమ్మ స్థితికి వచ్చాక మీగడ లాంటి రంగు పెడితే దూరపు కొండ అంచు మెత్తబడుతుంది, కొండ ఆకారం మాత్రం చెదరదు. ఆ చెమ్మ మీదనే పొరపాటున టీ వేస్తే, ఎక్కువైన నీరు అప్పటికే కుదురుకున్న రంగును తోసుకుంటూ పోయి, నీటిరంగులు పట్టిన ప్రతివారికీ పరిచయమైన ఆ పువ్వు మరక ఏర్పడుతుంది.

చౌక కాగితం మీద ఈ గడియారం నడవదు. కలప గుజ్జుతో చేసిన కాగితం కొన్నిచోట్ల నీటిని వెంటనే పీల్చుకుంటుంది, కొన్నిచోట్ల మడుగు కట్టనిస్తుంది. పైగా మే నెలలో 45 డిగ్రీలకు దగ్గరపడే బెజవాడ ఎండలో, ఫ్యాను గాలి కింద, అది తడి నుంచి పొడికి ఒక్క అంగలో దూకుతుంది. నడుమనున్న చెమ్మ దశ చేతికి చిక్కదు. జ్బుక్విచ్ బొమ్మల్లో మనల్ని కట్టిపడేసే మంచు, పొగ, వాన, దూరం అన్నీ ఆ దశలో పుట్టినవే. ఆర్చెస్ కాగితం ఆ వ్యవధిని ఇస్తుంది. కాగితాన్ని రెండు వైపులా బాగా తడిపి, నునుపైన ఆక్రిలిక్ పలక మీద గాలి బుడగలు లేకుండా పరిస్తే కింది తడి పై తడిని కాపాడుతుంది, వేసవి ఉదయాన కూడా తొందర పడనక్కరలేదు. ప్రకాశం బ్యారేజీని నేను అలాగే వేశాను. 1957లో పూర్తయిన ఆ బ్యారేజీకి 70 గేట్లు. ఒడ్డున నిలబడి చూస్తే అన్నీ వేయాలనే అనిపిస్తుంది. జ్బుక్విచ్ బొమ్మలు చూసిన కన్ను మాత్రం దగ్గరి నాలుగైదింటిని నిలిపి, మిగతావాటిని తడిలో కరిగిపోనివ్వమంటుంది. ఆకాశం పూత చెమ్మగా ఉండగానే ఇంద్రకీలాద్రిని అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా కలిపిన బూడిద రంగుతో పెట్టాను. ఆరిన తరువాత దగ్గరగా చూస్తే అల్ట్రామెరీన్ రేణువులు కాగితపు గుంటల్లో నీలంగా దిగి, గోధుమ రంగు గట్ల మీద మిగిలింది. ఒకే బూడిద రంగులో కొండ రాయీ, ఉదయపు గాలీ రెండూ కనిపించడం నాకు ఎంతో ఆనందాన్నిచ్చింది.

కస్తాన్యెట్ తోవ వేరు. 1954లో మాంటెవిడియోలో పుట్టిన ఆయన పెద్ద కుంచెతో, చిక్కని ముదురు రంగును వెనుకాడకుండా దింపుతారు, ఆ ముదురు పక్కన వదిలేసిన తెల్లని కాగితమే వెలుతురైపోతుంది. సాధారణ కాగితం మీద తడిగా ఉన్నప్పుడు ఘనంగా కనిపించిన ముదురు రంగు ఆరాక వెలవెలబోతుంది, ఎందుకంటే రంగు నార లోపలికి దిగిపోతుంది. ఇక్కడ జెలటిన్ దానిని పైనే ఉంచుతుంది కనుక ముదురు ముదురుగానే ఉంటుంది. అయితే ఆయన కుంచెను పక్కవాటంగా పట్టి లాగినప్పుడు నీటి మీద వచ్చే ఎండ మెరుపు కోల్డ్ ప్రెస్ మీద కొంతవరకే వస్తుంది. కృష్ణలో ఎండ తళుకు, ఘాట్ మెట్ల గరుకుదనం కావాలనుకునేవారు ఇదే కంపెనీ వారి, ఇంకా గరుకైన రఫ్ రకం తీసుకోవాలి.

ముగ్గురిలో మనసుకు దగ్గరివారు నాకు ముళీక్ గారే. ఇంజినీరింగ్ చదివి చిత్రకళను వృత్తిగా ఎంచుకున్న ఆయన, అమర్ చిత్ర కథలకు బొమ్మలు వేసిన ప్రతాప్ ముళీక్ గారి కుమారుడు. పత్రికల అట్టల మీద వడ్డాది పాపయ్య గారి రంగులు చూసి మురిసిన తెలుగువారికి ఆయన రంగుల తాజాతనం ఇట్టే పట్టేస్తుంది. పాత ఇళ్లు, స్కూటర్లు, కరెంటు తీగలు, పందిళ్లు, మిట్టమధ్యాహ్నపు నీడలు ఆయన వస్తువులు. వాటి కోసం మనం విమానం ఎక్కనక్కరలేదు, వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల సందుల్లో నడిస్తే చాలు. వీధి మీదుగా పడే పొడవాటి నీడను ఒక్క పూతలో, కింది రంగు చెదరకుండా వేయడంలోనే ఇలాంటి బొమ్మల ప్రాణం ఉంది. ఆర్చెస్ మీద మొదటి పూతను పూర్తిగా ఆరనిచ్చి పై పూత వేస్తే కింది రంగు లేవలేదు, నీడలోంచి గోడ పసుపు స్వచ్ఛంగా కనిపించింది. మాస్కింగ్ టేపును నెమ్మదిగా, ఏటవాలుగా లాగితే కాగితం పొర ఊడలేదు. ఒకసారి కుదురుకున్న రంగును తిరిగి ఎత్తి తెలుపు చేయడం మాత్రం దీని మీద అంత తేలిక కాదు. తెలుపు ఎక్కడ వదలాలో ముందే నిర్ణయించుకోవాలి.

ధర ఎక్కువ. కొత్తగా నేర్చుకునేవారు నిండు షీటు ధర విని వెనక్కి తగ్గడం సహజం. తడిపినప్పుడు జెలటిన్ వల్ల ఒక రకమైన పచ్చి వాసన వస్తుంది, శాకాహారులలో కొందరికి అది జంతు పదార్థమని ముందుగా తెలియడం మంచిది. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి నిల్వ. నది పక్కన ఉన్న ఊళ్లో వానాకాలపు గాలిలో కాగితాన్ని విడిగా ఉంచితే జెలటిన్ దెబ్బతిని, అక్కడక్కడా అద్దుడు కాగితంలా రంగును పీల్చుకుంటుంది. ఈ మచ్చలు పొడిగా ఉన్నప్పుడు కంటికి కనిపించవు, ఆకాశం వేశాకే బయటపడతాయి. అందువల్ల షీట్లను అటక మీద చుట్టలుగా పెట్టకుండా, గట్టి అట్టల మధ్య పరిచి, ప్లాస్టిక్ కవరులో మూసి, గోడకు తగలకుండా ఉంచాలి. ఒకేసారి ఎక్కువగా కొని దాచడం మన వాతావరణానికి తగదు.

ఖర్చు తగ్గించుకునే తోవ ఉంది. నిండు షీటును ఎనిమిది భాగాలు చేస్తే ఒక్కొక్కటి 19 సెంటీమీటర్ల వెడల్పు, 28 సెంటీమీటర్ల పొడవు వస్తుంది, ఒక ఉదయపు అధ్యయనానికి అది చాలు. రెండు వైపులా బొమ్మ వేయవచ్చు కనుక ఒక్క షీటు మీద పదహారు బొమ్మలు వస్తాయి. మడత పెట్టి, ఆ మడతను గోటితో రెండు వైపులకూ నొక్కి చింపితే అసలు అంచులాగే గరుకుగా ఉంటుంది. గీతల సాధన, రంగుల మిశ్రమాల పరీక్ష మామూలు కాగితం మీద చేసుకోవచ్చు. తడి మీద తడి, అంటే కాగితం తడిగా ఉండగానే రంగు వేయడం, నేర్చుకోవడం మాత్రం మొదటి నుంచీ పత్తి కాగితం మీదనే చేయాలని నా అభిప్రాయం, ఎందుకంటే చెడ్డ కాగితం నేర్పే తొందర తరువాత చేతిని వదలదు. రంగుల విషయంలో ఇంత పట్టింపు లేదు. ఊళ్లో దొరికే క్యామెల్ ఆర్టిస్ట్ రకం ట్యూబులలో అల్ట్రామెరీన్ బ్లూ, బర్న్ట్ సియెన్నా, ఎల్లో ఓకర్, ఒక ఎరుపు ఉంటే పై బొమ్మలన్నీ వేయవచ్చు. నెలకు ఇంత అని రంగులకు పక్కన పెట్టుకునే వారు విదేశీ రంగుల పెట్టె జోలికి పోకుండా, ఆ సొమ్ముతో ముందు రెండు ఆర్చెస్ షీట్లు, ఒకటి కోల్డ్ ప్రెస్, ఒకటి రఫ్, తెచ్చుకోమని చెబుతాను.