ఆగ్రా పూల డిన్నర్ సెట్: ఆరేళ్లు వాడాక

ఆరేళ్ల క్రితం దసరాకి కొన్నాం. తెల్లటి పోర్సలిన్, ఆరుగురికి సరిపడా సెట్. ఆగ్రాలోని ఇతిమాద్-ఉద్-దౌలా సమాధి గోడల మీద ఉండే పూలకుండీలు, సైప్రస్ చెట్లు చూసి వేసిన డిజైన్.

బోన్ చైనా కొనకపోవడానికి కారణం మా అత్తయ్యగారు. "ఎముకల బూడిద కలిపిన కంచంలో ప్రసాదం పెట్టుకుంటామా?" అన్నారు. ఆ మాట నిజమే, కలుపుతారు. అందుకే ఇది తీసుకున్నాం. కాస్త బరువే.

ఆ సమాధిని నూర్జహాన్ తన తండ్రి కోసం 1622-28 మధ్య కట్టించింది. పాలరాయిని పువ్వు ఆకారంలో తొలిచి, సరిగ్గా అదే కొలతకి అరగదీసిన రంగురాయిని అందులో పొదుగుతారు. దీన్ని పర్చిన్‌కారీ అంటారు. పువ్వు రాయిలోనే ఉంటుంది, పైకి ఉబ్బదు. మా ప్లేటు మీద వేలు పెడితే మాత్రం పువ్వు చేతికి తగులుతుంది. కొత్తలో అదే ముచ్చటగా ఉండేది. అసలు చిక్కంతా అక్కడే ఉందని రెండేళ్లకి తెలిసింది.

అంచున ఉన్న నీలం గీత గ్లేజ్ (ప్లేటు మీద గాజులా మెరిసే పూత) కింద ఉంది. కోబాల్ట్ నీలం 1300 డిగ్రీల వేడికీ నిలుస్తుంది కాబట్టి ముందే వేసి, పైన గ్లేజ్ పూసి కాలుస్తారు. ఆ గీత ఇప్పటికీ చెక్కు చెదరలేదు. నారింజ పూలూ బంగారు గీతా అంత వేడికి ఆగవు. వాటిని గ్లేజ్ పైన అతికించి, సుమారు 800 డిగ్రీల దగ్గర మళ్లీ కాలుస్తారు. మా పనమ్మాయి స్టీలు పీచుకి ముందు పోయింది బంగారమే. తర్వాత పూలు వెలిసిపోయాయి. తప్పు ఆమెది కాదు, మెత్తటి స్పాంజి వాడమని నేనే చెప్పలేదు. బంగారు గీత ఉన్న ప్లేటుని ఒకసారి మైక్రోవేవ్‌లో పెట్టి నిప్పురవ్వలు కూడా చూశాను.

ఇంకో ఇబ్బంది, ప్లేటు మరీ చదును. చారు అన్నం కలిపితే పూలకుండీ దాకా పారుతుంది. పసుపు మరక మాత్రం పట్టదు. స్టీలు చెంచా గీసిన బూడిదరంగు చారలు వంటసోడా ముద్దతో పోతాయి. ఒకదాని మీద ఒకటి పేర్చేటప్పుడు మధ్యలో గుడ్డముక్క వేయండి, అడుగున గ్లేజ్ లేని అంచు కింది ప్లేటుని గీకేస్తుంది.

రెండు పగిలాయి. విడిగా అమ్మరట, మొత్తం సెట్టే కొనాలట.

కప్పులు మాత్రం కొత్తవాటిలాగే మెరుస్తున్నాయి. మా ఇంట్లో కాఫీ స్టీలు గ్లాసులోనే తాగుతాం మరి.