సముద్రపు దొంగల విచారణ: పట్టుకున్న దేశంలోనా, దగ్గరి దేశంలోనా?

1999లో అలోండ్రా రెయిన్‌బో అనే సరకు ఓడను దొంగలు ఎత్తుకుపోయారు. ఓడ జపాన్ వాళ్ళది, దాని మీది జెండా పనామాది. దొంగలది ఇండోనేషియా. వెంటాడి పట్టుకున్నదేమో భారత కోస్ట్‌గార్డు, నౌకాదళం. మరి కేసు ఎవరు నడపాలి?

పట్టుకున్న దేశమే నడపొచ్చని 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం, 105వ అధికరణంలో చెబుతోంది. అధికారం ఇచ్చిందే గానీ తప్పనిసరి చేయలేదు. పైగా ఆ అధికారాన్ని వాడుకోవడానికి సొంత చట్టం కూడా ఉండాలి. అలోండ్రా కేసులో 2003లో ముంబయి సెషన్స్ కోర్టు శిక్ష వేస్తే, 2005లో బాంబే హైకోర్టు నిందితులను వదిలేసింది. అప్పటికి భారత శిక్షాస్మృతిలో సముద్రపు దోపిడీ అనే నేరం విడిగా లేనే లేదు. ప్రత్యేక చట్టం 2022లో గానీ రాలేదు. 2024 మార్చిలో ఎంవీ రుయెన్ ఓడ మీద పట్టుబడ్డ 35 మందిని ఐఎన్‌ఎస్ కోల్‌కతా నేరుగా ముంబయికే తెచ్చిందంటే ఆ చట్టం అండతోనే.

చట్టం ఉన్నా ఈ దారి ఖరీదైనదే. జర్మనీ ఓడ టైపాన్ మీద దాడి చేసిన పదిమంది సోమాలీల విచారణ ఆ దేశంలోని హాంబర్గ్‌లో 2010 నవంబరు నుంచి 2012 అక్టోబరు దాకా సాగింది. దుబాసీలు కావాలి, దేశదేశాల నావికులను సాక్ష్యానికి రప్పించాలి. శిక్ష పూర్తయ్యాక మనిషిని ఎక్కడికి పంపాలన్నది మరో తలనొప్పి.

అందుకే యూరప్, అమెరికా నౌకాదళాలు సోమాలియా పక్కనే ఉన్న కెన్యా వైపు చూశాయి. ఒప్పందాలు కుదిరాయి, కేసులు మొదలయ్యాయి. తీరా 2010 నవంబరులో, కెన్యా జలాల బయట జరిగిన నేరం తమ పరిధిలోకి రాదని అక్కడి హైకోర్టే తేల్చింది. 2012లో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. హిందూ మహాసముద్రంలోని ద్వీపదేశం సీషెల్స్ తన చట్టాన్ని 2010లోనే సవరించుకుని విచారణలు నడిపింది. అప్పటికి లక్ష జనాభా కూడా లేని దేశం, జైళ్ళు ఎన్నని ఉంటాయి? శిక్షపడ్డ వాళ్ళను సోమాలియా నుంచి విడిపోయినట్టు ప్రకటించుకున్న సోమాలీలాండ్‌లో ఐక్యరాజ్యసమితి సాయంతో సిద్ధమైన హర్గీసా జైలుకు పంపింది. విచారణ దగ్గర్లో, శిక్ష సొంత గడ్డమీద. నా ఓటు దీనికే.

అంతర్జాతీయ కోర్టు మాట తరచూ వినిపిస్తుంది గానీ, అంతర్జాతీయ నేర న్యాయస్థానం పరిధిలో ఈ నేరం లేదు. హాంబర్గ్‌లోనే ఉన్న సముద్ర చట్ట ట్రైబ్యునల్ మనుషుల మీద నేర విచారణ చేయదు. ఇక పట్టుకుని వదిలేయడం. 2010లో మాస్కో యూనివర్సిటీ అనే చమురు ట్యాంకరును విడిపించిన రష్యా దళాలు దొంగలను ఓ పడవలో వదిలేశాయి. వాళ్ళు బతికి ఉండకపోవచ్చని తర్వాత రష్యా వర్గాలే చెప్పాయి. దీన్ని న్యాయమని నేననలేను.

ఇదంతా తీరానికి 12 నాటికల్ మైళ్ళ అవతలి సంగతి. ఆ లోపల జరిగితే అది ఆ తీరదేశం చూసుకోవాల్సిన దోపిడీ కేసు, పరాయి నౌకాదళం లోపలికి రాకూడదు. సోమాలియా విషయంలో మాత్రం అక్కడి ప్రభుత్వం ఒప్పుకున్నాక, భద్రతా మండలి 2008లో 1816వ తీర్మానంతో ఆ గీత దాటనిచ్చింది. ఇది మరే తీరానికీ ఆనవాయితీ కాదని అందులోనే రాసిపెట్టుకున్నారు. ఏటేటా పొడిగిస్తూ వచ్చిన ఆ అనుమతి కూడా 2022 మార్చిలో ముగిసింది.