హెడ్ బోల్టులు: పాతవా, కొత్తవా?

కర్నూలు, అనంతపురం మధ్య 44వ జాతీయ రహదారిపై మే నెల ఎండలో ఇంజను వేడెక్కి హెడ్ గాస్కెట్ (ఇంజను బ్లాకుకూ, దానిపై బోల్టులతో బిగించే హెడ్‌కూ మధ్య ఉండే సీలు) పోయిందంటే, షెడ్డులో బోల్టుల బేరం తప్పదు. పాతవే బిగించాలా, కొత్తవి కొనాలా?

వాల్వ్ కవర్ (ఇంజను పైమూత), ఆయిల్ సంప్ (అడుగున నూనె తొట్టి) బోల్టులైతే పాతవే చాలు. త్రెడ్లు చెడకుండా, తుప్పు లేకుండా ఉంటే తుడిచి బిగించవచ్చు. అక్కడ కొత్తవి కొనడం దండుగ.

హెడ్ బోల్టుల సంగతి వేరు. నేటి ఇంజన్లు చాలావాటిలో ముందు టార్క్ రెంచితో (బిగింపు బలం కొలిచే పానా) కొంత బిగించి, ఆపై 90 డిగ్రీల వంటి నిర్ణీత కోణం తిప్పుతారు. ఆ తిప్పుడుకు బోల్టు సాగుతుంది, మళ్లీ పూర్తిగా మొదటి పొడవుకు రాదు. రెండోసారి అదే కోణం తిప్పితే పట్టు తగ్గవచ్చు, తెగనూవచ్చు. కొత్తదాని పక్కన పెట్టి చూడండి: త్రెడ్ల దగ్గర నడుము సన్నబడితే ఇక మాటే లేదు. సన్నబడకపోయినా సాగి ఉండవచ్చు. కొన్ని కంపెనీలు పొడవు కొలిచి, పరిమితి దాటకపోతే మళ్లీ వాడనిస్తాయి. ఆ మాట మాన్యువల్ చెప్పాలి, మెకానిక్ కంటిచూపు కాదు.

పిస్టన్‌ను క్రాంక్ షాఫ్టుకు కలిపే కనెక్టింగ్ రాడ్ బోల్టుల దగ్గర నేనైతే బేరమే ఆడను. ఆ బోల్టు తెగితే రాడ్డు బ్లాకును చీల్చుకుని బయటికి రాగలదు.

అన్నట్టు, కొత్తవి వేసేటప్పుడూ బ్లాకు రంధ్రాల్లో నూనె, నీరు మిగలకూడదు. అడుగున చిక్కిన ద్రవం నలగదు, బ్లాకే పగలవచ్చు.