పాతికేళ్ళుగా చూస్తున్న ‘మ్యూటినీ ఆన్ ద బౌంటీ’ (1935)

1990ల చివర్లో మా ఇంట్లో పగలంతా కార్టూన్ నెట్‌వర్క్ నడిచేది, రాత్రి కాగానే అదే ఛానల్లో టీఎన్‌టీ వచ్చేది. నలుపు తెలుపు హాలీవుడ్ సినిమాలు అలాగే అలవాటయ్యాయి. ఒక రాత్రి ఛానల్ మారుస్తుంటే ఒక ఓడ డెక్ కనిపించింది. పెదవి ముందుకు పొడుచుకొచ్చిన ఒక లావుపాటి కెప్టెన్, కట్టేసి ఉన్న మనిషి, కొరడా. మధ్యలోంచి చూసినా చివరిదాకా లేవలేకపోయాను. తర్వాత డీవీడీ కొన్నాను, అది గీతలు పడితే మరొకటి కొన్నాను, ఇప్పుడు పెద్ద టీవీలో చూస్తున్నాను. ఎన్నిసార్లు చూశానో లెక్క పెట్టలేదు.

కథ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1787 డిసెంబరులో బౌంటీ అనే ఇంగ్లీషు ఓడ తాహితీ దీవికి బయల్దేరింది. పని, సీమపనస మొక్కలు తేవడం. వెస్టిండీస్ తోటల్లో బానిసలకు చవగ్గా తిండి పెట్టడానికి ఆ మొక్కలు కావాలి. తిరుగు ప్రయాణంలో, 1789 ఏప్రిల్ 28న, ఫ్లెచర్ క్రిస్టియన్ అనే అధికారి తిరగబడి కెప్టెన్ విలియం బ్లైని 18 మందితో ఒక చిన్న పడవలో సముద్రంలో వదిలేశాడు. ఫ్రాంక్ లాయిడ్ తీసిన ఈ సినిమాలో బ్లైగా చార్ల్స్ లాటన్, క్రిస్టియన్‌గా క్లార్క్ గేబుల్, కుర్ర అధికారి బయమ్‌గా ఫ్రాంషో టోన్ నటించారు. ముగ్గురికీ ఉత్తమ నటుడి ఆస్కార్‌కే నామినేషన్ వచ్చింది, ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు. సినిమాకి మాత్రం ఉత్తమ చిత్రం వచ్చింది, అదొక్కటే.

ఇది చూసినవాళ్ళు ఎక్కువగా చెప్పేది మొదట్లో వచ్చే కొరడా సీను గురించి. శిక్ష పడిన నావికుణ్ణి పడవలో ఓడ ఓడకీ తిప్పుతూ కొడుతుంటారు. బౌంటీ దగ్గరికి వచ్చేసరికి అతను చనిపోయి ఉంటాడు. అయినా లెక్క పూర్తి కావాలంటాడు బ్లై. అతని మొహంలో కోపం ఉండదు, అదే భయం. లాటన్ అక్కడ గొంతు పెంచడు కూడా.

మా మేనమామ మాత్రం ఆ సీను దగ్గర ఆగలేదు. విదేశాలకు వెళ్ళే సరుకు ఓడల్లో చీఫ్ కుక్‌గా చాలా ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. డీవీడీ తెచ్చిన కొత్తలో ఇద్దరం కలిసి చూశాం. ఓడలో జున్ను పోయిందని బ్లై అరిచే సీను రాగానే ముందుకు జరిగి కూర్చున్నాడు. ఆ జున్ను కెప్టెన్ ఇంటికే చేరిందని ఓడలో తెలిసినవాళ్ళు ఉంటారు, కానీ దొంగతనం మనుషుల మీద పడుతుంది. “ఒరేయ్ అల్లుడూ, ఓడలో గొడవ కొరడా దగ్గర మొదలవదురా, గ్యాలీ దగ్గర, అంటే ఓడ వంటగది దగ్గర మొదలవుద్ది. కూర తగ్గితే మూడో రోజుకి మనుషుల మొహాలు మారిపోతాయి” అన్నాడు. అసలు బౌంటీలో సరుకుల లెక్క చూసే పర్సర్ కూడా బ్లైనే అని నేను తర్వాత చదివి చెప్పాను. “అదే చెప్తున్నా. తాళాలూ ఆయనవే, కొరడా కూడా ఆయనదే అయితే ఇంకేముంది” అన్నాడు.

అప్పట్నుంచి నాకు ఈ సినిమా తిండి లెక్కల సినిమాగానే కనిపిస్తుంది. అందులో నేను వెనక్కి తిప్పి తిప్పి చూసే సీను ఒకటుంది. సరుకుల పుస్తకంలో క్రిస్టియన్ సంతకం పెట్టాలి. ఇందులో రాసినంత తిండి మావాళ్ళకు అందలేదు, పెట్టనంటాడు. బ్లై అందర్నీ డెక్ మీద నిలబెట్టి వాళ్ళ ఎదురుగా అదే మాట ఆజ్ఞగా చెబుతాడు. ఇక కాదంటే నేరం క్రిస్టియన్‌ది అవుతుంది. చివరికి క్రిస్టియన్ సంతకం పెడతాడు, కానీ ఆజ్ఞ కాబట్టే పెడుతున్నానని అందరూ వినేలా చెప్పి పెడతాడు.

కాలేజీ హాస్టల్లో ఒక ఏడాది నేను మెస్ సెక్రటరీని. నెలాఖరున స్టాక్ రిజిస్టర్ నా ముందుకొచ్చేది. రాని బియ్యం వచ్చినట్టు, వాడని నూనె వాడినట్టు రాసి ఉండేది. “ఫార్మాలిటీ బాబూ, పెట్టెయ్” అనేవాళ్ళు. పరీక్షలు, అటెండెన్స్, సర్టిఫికెట్లు అన్నీ వాళ్ళ చేతిలోనే ఉన్నాయన్న టెన్షన్‌తో పది నెలలు సంతకాలు పెట్టాను. ఒక్కసారి కూడా పైకి ఏమీ అనలేదు. సాంబారు నీళ్ళలా ఉందని జూనియర్లు నా దగ్గరికే వచ్చి మొత్తుకునేవాళ్ళు. గేబుల్ కలం పట్టుకున్న ప్రతిసారీ ఆ రిజిస్టరు నీలం అట్ట గుర్తొస్తుంది. అందుకే గేబుల్ యాస ఇంగ్లీషువాళ్ళ యాస కాదని, అమెరికన్ హీరోలాగే ఉన్నాడని ఎవరు ఎంత విమర్శించినా నాకు పట్టింపు లేదు. ఆ ఒక్క సీనులో అతను చేసింది నేను చేయలేకపోయాను.

లోపాలు లేవని కాదు. తాహితీ భాగం సాగుతుంది. అక్కడి ఆడవాళ్ళు నవ్వడానికి, పూలదండలు వేయడానికే ఉన్నట్టు తీశారు. మా ఆవిడ ఒక్కసారే పూర్తిగా చూసి, “వీళ్ళని ఓడ ఎక్కించి తీసుకెళ్ళారు కదా, తర్వాత ఏమైంది?” అని అడిగింది. సినిమా దానికి సమాధానం చెప్పదు, తిరుగుబాటుదారులు దాక్కున్న పిట్‌కెయిర్న్ దీవి ఒడ్డున వదిలేస్తుంది. నిజంలో ఆ దీవిలో మగవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చంపుకున్నారు. 1808లో ఒక అమెరికన్ ఓడ అక్కడికి చేరేసరికి తిరుగుబాటుదారుల్లో జాన్ ఆడమ్స్ ఒక్కడే బతికున్నాడు, ఆడవాళ్ళు, పిల్లలతో. ఆ ఆడవాళ్ళ వైపు నుంచి ఒక సినిమా రావాలని మా ఆవిడ అంటుంది. నాదీ అదే మాట.

చరిత్ర విషయంలో సినిమా బ్లైకి చాలా అన్యాయం చేసింది, ఇది గట్టిగా చెప్పాలి. ఓడ అడుగు కిందుగా మనిషిని లాగే శిక్ష బౌంటీలో జరగలేదు. ఆ కాలపు కెప్టెన్లతో పోలిస్తే బ్లై కొరడా తక్కువే వాడాడు. తిరుగుబాటుదారుల్ని వెతకడానికి పండోరా ఓడ తీసుకెళ్ళింది అతను కాదు, ఎడ్వర్డ్ ఎడ్వర్డ్స్ అనే మరో కెప్టెన్. అసలు బ్లై ఆయుధం నోరు. తిరుగుబాటుకి ముందురోజు జరిగిన గొడవ దేని గురించో తెలుసా? కొబ్బరికాయల గురించి. డెక్ మీద కుప్ప తగ్గిందని క్రిస్టియన్‌ని అందరి ముందూ దొంగ అన్నాడు. తెల్లారేసరికి ఓడ పోయింది.

మా అబ్బాయికి సినిమా మొత్తంలో నచ్చింది ఆ చిన్న పడవ ప్రయాణమే. “అసలు కథ అక్కడుంటే వీళ్ళు మళ్ళీ తాహితీకి ఎందుకెళ్తారు?” అని విసుక్కున్నాడు. వాడి మాటలో నిజముంది. 23 అడుగుల పడవ, 19 మంది, మ్యాపు లేదు, టిమోర్ దీవి దాకా 3,600 నాటికల్ మైళ్ళకు పైనే. టోఫువా దీవిలో జరిగిన దాడిలో ఒకడు పోయాడు, మిగిలిన అందర్నీ బ్లై ప్రాణాలతో టిమోర్ చేర్చాడు. సినిమాలో ఇది కొన్ని నిమిషాలే. కానీ లాటన్ ఆ నిమిషాల్లో వేరే మనిషి అయిపోతాడు. ఎండకి పగిలిన పెదాలు, గడ్డం, చుక్కాని వదలని చెయ్యి. అంతసేపూ అసహ్యించుకున్నవాడు గట్టెక్కాలని మనమే కోరుకుంటాం. 1962 సినిమాలో ట్రెవర్ హోవర్డ్, 1984లో ఆంథనీ హాప్కిన్స్ కూడా బ్లైగా వేశారు. హాప్కిన్స్ బ్లై నిజానికి దగ్గరగా ఉంటాడు. అయినా నా డీవీడీ మాత్రం లాటన్‌దే.

మొదటిసారి చూసేవాళ్ళు సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, పాతకాలపు నావికుల మాటలు చెవికి అందవు. 132 నిమిషాలు, ఒకే సిట్టింగ్‌లో చూడండి.

పోయిన వేసవిలో మామయ్యకి మళ్ళీ చూపించాను. ఇప్పుడు చూపు తగ్గింది, టీవీకి దగ్గరగా కుర్చీ వేశాను. పడవ సీను రాగానే ఆపి చెప్పాను: నిజం బ్లై ఆ పడవలో రెండు కొబ్బరి చిప్పలతో తక్కెడ చేశాడని, పిస్తోలు గుండుని రాయిగా పెట్టి ఒక్కొక్కడికి పూటకి పౌండులో 25వ వంతు రొట్టె తూచి ఇచ్చాడని. మామయ్య కాసేపు మాట్లాడలేదు. “గ్రాముల్లో చెప్పు” అన్నాడు. పద్దెనిమిది అన్నాను. వంటింట్లోంచి తక్కెడ తెమ్మన్నాడు. బ్రెడ్డు ముక్క విరిచి విరిచి పద్దెనిమిది దగ్గర ఆపి, అరచేతిలో పెట్టుకుని చూశాడు. “అందరికీ ఇంతే ఇచ్చాడా? తను కూడా ఇంతే తిన్నాడా?” అన్నాడు. అవునన్నాను.

“మరి ఓడలో ఉన్నప్పుడు ఏమైంది వీడికి” అని, జున్ను సీను మళ్ళీ పెట్టమన్నాడు.