ఆపరేషన్ అయిన మూడో రోజు: సీఆర్పీయా, ప్రోకాల్సిటోనినా, సీబీపీ చాలా?

పెద్దపేగు కేన్సర్‌కి ఆపరేషన్ అయినవాళ్ళ ఇంట్లోవాళ్ళు ఈ మధ్య నన్ను తిప్పి తిప్పి ఒకటే అడుగుతున్నారు. "డాక్టరు గారూ, సీఆర్పీ రాశారు. ప్రోకాల్సిటోనిన్ కూడా చేయించమంటారా? సీబీపీలో కౌంట్ బాగానే ఉంది కదా, అది చాలదా?" మహారాణిపేటలో ల్యాబ్ ముందు నిలబడి, డబ్బు కట్టేముందు ఫోన్ చేసి అడిగినవాళ్ళూ ఉన్నారు. ఒక్కొక్కళ్ళకీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే ఒక్కచోట రాసిపెట్టడం మంచిదనిపించింది. సీఆర్పీ (సి-రియాక్టివ్ ప్రోటీన్), ప్రోకాల్సిటోనిన్, రెండూ ఒంట్లో వాపో ఇన్ఫెక్షనో ఉంటే రక్తంలో పెరిగేవి. సీబీపీ అంటే రక్తకణాల లెక్క, అందులో కౌంట్ అంటే తెల్లకణాల సంఖ్య.

మా సర్జన్లందరి భయం కుట్టు లీకవడమే. గడ్డ ఉన్న పేగు ముక్క తీసేసి రెండు కొసలూ కలిపి కుట్టిన చోట చిన్న సందు పడినా, మలం కడుపులోకి కారుతుంది. అది చాలామందిలో బయటపడేది అయిదు నుంచి ఎనిమిదో రోజు మధ్య. రోగి తేరుకుని "ఇంటికి పంపించేయండి బాబూ" అనేదీ సరిగ్గా అప్పుడే. కాబట్టి రక్తపరీక్ష మనకి ముందుగా చెప్పాలి, మూడు, నాలుగు రోజులకే.

సీఆర్పీని తయారుచేసేది కాలేయం. కత్తి పడిన ఏ ఒంట్లోనైనా అది పెరుగుతుంది, లీక్ ఉండక్కర్లేదు. ఆపరేషన్ తర్వాత సుమారు 48 గంటలకి శిఖరానికి చేరి, అంతా సవ్యంగా ఉంటే దిగడం మొదలెడుతుంది. దాని అర్ధాయువు 19 గంటలే, కాబట్టి లోపల మంట (ఇన్‌ఫ్లమేషన్) చల్లారితే అంకె కూడా త్వరగానే దిగాలి. రెండో రోజు లీటరుకి 180 మిల్లీగ్రాములు చూసి కంగారుపడక్కర్లేదు. నాలుగో రోజు కూడా అదే 180 ఉంటే నాకు నిద్ర పట్టదు. కడుపు కోసి చేసిన ఆపరేషన్‌లో అంకె ఎక్కువగా, లాపరోస్కోపీలో తక్కువగా ఉంటుంది. పక్క మంచం మనిషి అంకెతో పోల్చుకోకండి.

2014లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సర్జరీలో 7 అధ్యయనాలని, దాదాపు 2,500 మంది రోగుల వివరాలని కలిపి చూసిన విశ్లేషణ ఒకటి వచ్చింది. మూడో రోజు లీటరుకి 172 మిల్లీగ్రాములు, నాలుగో రోజు 124, అయిదో రోజు 144 అని సీఆర్పీకి హద్దు గీతలు గీశారు. ఆ గీతకి కింద ఉన్నవాళ్ళలో నూటికి 97 మందికి లీక్ లేదు. అదే గీత దాటినవాళ్ళలో నిజంగా లీక్ అయినది అయిదుగురిలో ఒకరికి అటూ ఇటూగా. అంటే సీఆర్పీ "ప్రమాదం ఉంది" అన్నప్పుడు సగం కూడా నమ్మలేం. "ప్రమాదం లేదు" అన్నప్పుడు మాత్రం చాలావరకు నమ్మొచ్చు.

నాకు ఆ రెండో మాటే ముఖ్యం. మన విశాఖ వార్డుల్లో మంచాల మీద ఉన్నవాళ్ళందరూ ఊళ్ళోనే ఉన్న ఎంవీపీ కాలనీ వాళ్ళు కారు. పాడేరు నుంచి, ఇచ్ఛాపురం నుంచి, ఒడిశా కోరాపుట్ నుంచి వచ్చినవాళ్ళు. కొన్నేళ్ళ కిందట పాడేరు దాటి లోపలి ఊరాయన ఒకరిని అయిదో రోజు పంపించాం. జ్వరం లేదు, కౌంట్ నార్మల్, నాడి మాత్రం కాస్త వేగం. సీఆర్పీ చేయించలేదు. ఎనిమిదో రోజు ఘాట్ రోడ్డు మీద జీపులో, కడుపు రాయిలా బిగిసిపోయి తిరిగొచ్చారు. మళ్ళీ కోసి, స్టోమా (మలం బయటికి పోవడానికి పొట్ట మీద దారి) పెట్టి, బతికించుకున్నాం. కానీ ఆ వంద కిలోమీటర్ల పైచిలుకు దారిలో ఆయన పడ్డ బాధ మేం తప్పించగలిగేదే. ఇప్పుడు దూరం వెళ్ళేవాళ్ళని మూడో రోజు, అయిదో రోజు సీఆర్పీ చూడకుండా నేను పంపను.

ఇక ప్రోకాల్సిటోనిన్. సెప్సిస్‌లో, అంటే ఇన్ఫెక్షన్ వల్ల ఒళ్ళంతా దెబ్బతినే స్థితిలో, ఇది పెరుగుతుందని 1993లో ఫ్రెంచి వైద్యులు చూపించారు. బాక్టీరియా ఇన్ఫెక్షన్‌ని ఇది సీఆర్పీ కంటే బాగా పట్టుకుంటుంది, త్వరగా లేస్తుంది. ఆపరేషన్ దెబ్బకి ఇదీ మొదటి రెండు రోజులు కాస్త పెరుగుతుంది గానీ, అంతగా కాదు. మంచి పరీక్షే, నాకు దానిమీద చిన్నచూపు లేదు. కాలేయం ముక్క కోసినవాళ్ళలో, సిర్రోసిస్ (కాలేయం గట్టిపడిపోయే జబ్బు) ఉన్నవాళ్ళలో సీఆర్పీ సరిగ్గా తయారవదు కాబట్టి తక్కువ అంకె చూసి మోసపోతాం. అక్కడ నేను ప్రోకాల్సిటోనినే రాస్తాను. ఐసీయూలో యాంటీబయాటిక్ ఎప్పుడు ఆపాలో తేల్చుకోడానికీ అదే. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళలో మాత్రం ఇన్ఫెక్షన్ లేకున్నా ఎక్కువ చూపిస్తుంది. ధర సీఆర్పీకి కొన్ని రెట్లు. ఒక్క ప్రోకాల్సిటోనిన్ డబ్బుతో రెండు మూడు రోజులు వరసగా సీఆర్పీ చేయించొచ్చు. నా లెక్కలో ఒక ఖరీదైన అంకె కంటే రెండు చవక అంకెల మధ్య తేడా ఎక్కువ చెబుతుంది.

సీబీపీలోంచి తీసే ఎన్ఎల్ఆర్ ఉంది. తెల్లకణాల్లో రెండు రకాలైన న్యూట్రోఫిల్స్‌ని లింఫోసైట్స్‌తో భాగిస్తే వచ్చేదే, విడిగా ఖర్చు లేదు. వాంతులు రాకుండా మత్తు డాక్టర్లు ఇచ్చే డెక్సామెథసోన్ ఒక్క డోసుకే అది పైకి పోతుంది. ఆపరేషన్‌కి ముందు చూస్తే ఉపయోగం, తర్వాత దాని మీద ఆధారపడను. టోటల్ కౌంట్ నార్మల్ అని ధీమా పడొద్దు, అది ఆలస్యంగా కదులుతుంది. ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రోటీన్ కూడా ఆపరేషన్‌కి ముందు చూసుకోవలసిందే. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌ని చూపే ఐఎల్-6 కోవిడ్ రోజుల్లో అందరికీ తెలిసిన పేరు. వార్డు రోగికి అక్కర్లేదు. ఈఎస్ఆర్ వద్దు.

సీఆర్పీ దిగకపోతే వెంటనే మళ్ళీ కోస్తారని కాదు. న్యుమోనియా, గాయంలో చీము, మూత్రంలో ఇన్ఫెక్షన్, సెలైన్ ఎక్కించిన నరం వాపు, ఇవన్నీ దాన్ని పెంచుతాయి. రోగి కడుపు నొక్కి చూసి, నాడి చూసి, అవసరమైతే సీటీ తీస్తాం.

రిపోర్టులో అంకె పక్కనున్న చిన్న అక్షరాలు కూడా చదవండి. ఒక ల్యాబ్ లీటరుకి ఇస్తుంది, ఇంకొకటి డెసిలీటరుకి. మొన్న ఒక అబ్బాయి ఫోన్ చేసి, "నిన్న 160 ఉంది సార్, ఇవాళ వేరే ల్యాబ్‌లో 17కి దిగిపోయింది, నాన్నని తీసుకెళ్ళిపోతాం" అన్నాడు. రిపోర్టు ఫోటో పంపమన్నాను. అది డెసిలీటరుకి 17. లీటరుకి 170. ఆ సాయంత్రమే వాళ్ళ నాన్నకి సీటీ తీశాం.